తప్పటడుగులే పెట్టుబడి

ట్రెక్కింగుకి వెళ్లేవాళ్లు సామాను తగ్గించుకోవాలనీ, బూట్లు ముందే అలవాటు చేసుకోవాలనీ, కాటన్ బట్టల జోలికి పోకూడదనీ ఉచిత సలహాలిచ్చేవాళ్లు ఈమధ్య ఎక్కువైపోయారు. జనం నిజంగానే వీళ్ల మాట వింటే ఉత్తరాఖండ్ కొండల్లో ఎన్ని పొయ్యిలు ఆరిపోతాయో ఎవరైనా ఆలోచించారా? నేను ఆలోచించాను. కేదార్‌కంఠ దారిలో ఎడమ బూటు సోలు ఊడి, ఓ పైన్ మొద్దు మీద కూలబడి ఉన్నాను కాబట్టి తీరికకు లోటు లేకపోయింది.

ఆ కొండకు బయల్దేరేది సాంక్రి అనే ఊరి నుంచి. డెహ్రాడూన్ నుంచి సుమారు 200 కిలోమీటర్లు. పొద్దున్నే బండెక్కితే కడుపులో తిప్పుకుంటూ సాయంత్రానికి దిగుతాం. ఊరు ఉన్నది దాదాపు 6,400 అడుగుల ఎత్తున, శిఖరం 12,500 అడుగులు. ఆ మధ్యనున్న ఆరువేల అడుగుల్లో మనం చేయబోయే తప్పుల మీదే ఆ బజారు బతుకుతోందని నా సిద్ధాంతం. జాకెట్లు అద్దెకు, కర్రలు అద్దెకు, మంచులో జారకుండా బూట్లకు తొడిగే ముళ్ల గొలుసులు అద్దెకు. హైదరాబాద్ చలికి కొన్న స్వెటర్ వేసుకుని డిసెంబరులో అక్కడ దిగినవాణ్ణి చూసి దుకాణదారు నవ్వడు. లక్ష్మీదేవిని చూసి ఎవరైనా నవ్వుతారా?

నా బూట్ల సంగతి చెప్పాలి. ఐదేళ్ల కిందట కొన్నవి. రెండుసార్లు తొడిగి, ఖరీదైనవి పాడైపోతాయని మళ్లీ అట్టపెట్టెలో పెట్టి అటకెక్కించాను. పెళ్లి పట్టుచీరకు కూడా మా ఇంట్లో అంత మర్యాద జరగలేదు. అలాంటి బూట్ల అడుగున మెత్తగా ఉండే పొరను చాలావరకు పాలీయురేథేన్‌తో చేస్తారు. గాలిలో తేమ దాన్ని లోలోపలే తినేస్తుంది. వాడకుండా దాచిన జతలకూ ఆ గతి తప్పదు. రెండోరోజు నడకలో ఎడమది మొసలిలా నోరు తెరిచింది. మా గైడు ఒక్క మాటనలేదు. తన నీళ్ల సీసాకు చుట్టి ఉంచుకున్న టేపు విప్పి, బూటుకు నాలుగు చుట్లు చుట్టి, పళ్లతో కొరికి తెంపాడు. ఆ సీసా మీద టేపు అంత మందంగా ఎందుకుందో అప్పుడర్థమైంది. నాకు ముందు చాలామంది పట్టుచీర భక్తులు వెళ్లారన్నమాట.

ఇక సంచి. అరవై లీటర్లది కొన్న పాపానికి అరవై లీటర్లూ నింపాలనుకోవడం మన సంస్కారం. "అక్కడేం దొరుకుతుందిరా, మంచు తింటావా?" అంటూ అమ్మ సున్నుండలు, కారప్పొడి, నెయ్యి, కిలో ఆవకాయ సర్దింది. నేను మూడు పవర్ బ్యాంకులూ రెండు జీన్సులూ చేర్చాను. మొత్తం పదిహేడు కిలోలు. ఆ సంచికి నడుం పట్టీ ఒకటుంటుంది. దాన్ని తుంటి మీద బిగిస్తే బరువులో ఎక్కువ భాగం భుజాల నుంచి కిందికి దిగుతుంది. మా ఆరుగురిలో ఐదుగురం దాన్ని వడ్డాణంలా అలంకారమనుకుని, కట్టుకోకుండా అటూ ఇటూ వేలాడేసుకుని నడిచాం.

కంచరగాడిద యజమాని ఒకాయన మొదటి మలుపు నుంచీ మా వెనకే వచ్చాడు. పిలవలేదు, బేరమాడలేదు. పెళ్లిలో విస్తరి వేసేదాకా ఆగే పెద్దమనిషిలా నింపాదిగా బీడీ కాల్చుకుంటూ వచ్చాడు. మూడో మలుపులో నేను ఆగాను. ఆయన గాడిదను ముందుకు తెచ్చాడు. మాటల అవసరమే రాలేదు.

జూడా కా తాలాబ్ దగ్గర మొదటి మకాం, 9,100 అడుగులు. అక్కడ నీళ్లు 91 డిగ్రీలకే మరుగుతాయి. అన్నానికి గిన్నె చాలదు, కుక్కర్ పెట్టాల్సిందే. నెయ్యి రాయైంది. ఆవకాయ మాత్రం ద్రవంగానే ఉండి తన ప్రతాపం చూపించింది. కింద బిగించిన డబ్బాలోని గాలి, పైన ఒత్తిడి తగ్గేకొద్దీ ఉబ్బుతుందని ఏడో తరగతిలో చదివే ఉంటాను. మూత అంచు నుంచి నూనె కారి, బనియన్ల మీదుగా అద్దె స్లీపింగ్ బ్యాగులోకి ప్రవేశించింది. ఆ రాత్రి మెంతులూ ఆవాలూ ఘుమఘుమలాడుతుంటే ఆకలితో పడుకున్నవాణ్ణి హిమాలయాల్లో నేనొక్కణ్ణే అయి ఉంటాను. స్లీపింగ్ బ్యాగుకు జరిమానా కట్టాను. చూశారా, మరో పొయ్యి వెలిగింది.

మా జిమ్ వీరుడి విషయంలో మాత్రం వెటకారం కాసేపు పక్కన పెడతాను. అందరికన్నా ముందు పరిగెత్తి 11,250 అడుగుల శిబిరానికి చేరినవాడు సాయంత్రానికి తల పట్టుకుని వాంతులు మొదలుపెట్టాడు. అడిగితే "ఏం లేదన్నా, గ్యాస్" అన్నాడు. తెలుగువాడికి గుండెపోటు వచ్చినా ముందు గ్యాసే కదా. అంత ఎత్తులో తలనొప్పితో పాటు వాంతులంటే గాలి పలచబడ్డందుకు ఒళ్లు చేస్తున్న గోల. ఇంకో అడుగు పైకి వేయకూడదు, తగ్గకపోతే దిగిపోవాలి. గైడు వాడి పేరైనా అడగకుండా ఒక మనిషిని తోడిచ్చి చీకటి పడకముందే కిందికి పంపేశాడు. కింది శిబిరానికి చేరేసరికి గ్యాస్ తగ్గిందట.

మిగిలినవాళ్లం తెల్లవారుజామున మూడింటికి లేచి శిఖరమెక్కాం. పైన సూర్యోదయం బ్రహ్మాండంగా ఉందని విన్నాను. నాకు కనబడింది ఫోను నల్లతెర. చలికి నలభై శాతం ఛార్జింగ్ కళ్ల ముందే ఆరిపోయింది. మూడు పవర్ బ్యాంకులూ కింద గుడారంలో భద్రంగా నిద్రపోతున్నాయి. గైడు తన ఫోనుతో ఫొటో తీశాడు. అందులో నేను, నా వెనక మంచు శిఖరాలు, నా కాలికి టేపు.

సాంక్రిలో లెక్కలు తేల్చుకునేటప్పుడు గాడిదాయన కదలకుండా నిలబడ్డాడు. డబ్బు తక్కువైందేమోనని మళ్లీ జేబులో చెయ్యి పెట్టాను. అదేం కాదట. దారిలో రొట్టెలోకి నేనిచ్చిన ఆవకాయ ఇంకా మిగిలిందా అని. డబ్బా చేతిలో పెట్టేశాను. వచ్చే ఏడాది వస్తే రెండు తెమ్మన్నాడు. బరువవుతుందేమోనని నసిగాను. బరువు సంగతి తనకొదిలేయమన్నాడు.