‘ది గ్లోరియస్ బర్డెన్’ అంటే జెండా ఊపడమేనా?

అమెరికన్ హెవీ మెటల్ బృందం ఐస్డ్ ఎర్త్ 2004లో తెచ్చిన చరిత్ర ఆల్బమ్ ‘ది గ్లోరియస్ బర్డెన్’. దాని మీద ఒక మాట ఇప్పటికీ షికారు చేస్తూనే ఉంది: ‘పాత గాయకుణ్ణి గెంటేసి, బ్రిటిష్ బృందం జూడాస్ ప్రీస్ట్ నుంచి ఒక అద్దె గొంతును తెచ్చుకుని, చరిత్ర పేరుతో అమెరికా జెండా ఊపారు. ఆ వచ్చినవాడికి కేకలు తప్ప ఇంకేమీ రాదు.’

గెంటేశారన్నది ముందు చూద్దాం. 2001 సెప్టెంబర్ 11 దాడుల తర్వాత ఆ పాత గాయకుడు మాట్ బార్లోకు వేదిక మీద మనసు నిలవలేదు. పోలీసు ఉద్యోగం వైపు వెళ్లిపోయాడు. ఈ ఆల్బమ్ కోసం అతను పాడినవి పక్కన పెట్టిన మాట నిజమే. బృందనాయకుడు జాన్ షాఫర్‌కు అవి తృప్తినివ్వలేదు. కానీ 2007లో అదే బార్లో తిరిగొచ్చాడు. మెడపట్టి గెంటిన ఇంటికి ఎవరైనా అలా వస్తారా?

ఇక ‘అద్దె గొంతు’. ప్రీస్ట్ గాయకుడు టిమ్ ‘రిప్పర్’ ఓవెన్స్ మొదట అతిథిగానే పాడాడు. 2003లో ప్రీస్ట్ పాత గాయకుడు రాబ్ హాల్‌ఫర్డ్ మళ్లీ ప్రీస్ట్‌లో చేరడంతో ఓవెన్స్ ఇక్కడే సభ్యుడై, తర్వాతి ఆల్బమ్‌కూ పాడాడు.

జెండా సంగతికి కాస్త ఆగాలి. ఆరోపణ పూర్తిగా అబద్ధం కాదు. సెప్టెంబర్ 11 మీద రాసిన ‘వెన్ ది ఈగల్ క్రైస్’ నాకూ రుచించదు. దుఃఖాన్ని నినాదంగా మార్చేసింది. అయితే అదే ఆల్బమ్‌లో హూణుల రాజు అట్టిలా ఉన్నాడు, నెపోలియన్ ఓడిన వాటర్లూ ఉంది, జర్మన్ వైమానికుడు రిచ్‌థోఫెన్ ఉన్నాడు. వీళ్లెవరూ అమెరికన్లు కారు.

అన్నిటికీ మించి ‘గెటిస్‌బర్గ్’ ఉంది. దాదాపు 32 నిమిషాలు, మూడు భాగాలు, వెనుక ప్రాగ్ వాద్యబృందం. అమెరికా అంతర్యుద్ధంలో 1863 జూలై 1 నుంచి 3 వరకు జరిగిన ఆ పోరులో రోజుకో భాగం. రెండో భాగంలో లిటిల్ రౌండ్ టాప్ గుట్ట మీద ఉత్తరాది సైన్యపు 20వ మెయిన్ రెజిమెంట్‌కు తూటాలు అయిపోవస్తాయి. బాయినెట్లు బిగించి కిందికి దూకుతారు. మూడో రోజు కింది సేనాని లాంగ్‌స్ట్రీట్ దాడి వద్దంటున్నా దక్షిణాది సేనాపతి లీ వినడు. సుమారు 12,500 మంది దక్షిణాది సైనికులు మైలు దూరం బయలు పొలంలో ఫిరంగులకు ఎదురు నడిచారు. సగం మందికి పైగా చచ్చారు, గాయపడ్డారు, లేదా పట్టుబడ్డారు. పాట ముగిసేది విజయగీతంతో కాదు, ఓడిన సేనాపతి తప్పంతా తన నెత్తిన వేసుకోవడంతో. జెండా ఊపదలచినవాడు తన దేశచరిత్రలో అన్నదమ్ములు కొట్టుకు చచ్చిన ఘట్టాన్ని ఎంచుకుని, దాన్ని ఇలా ముగిస్తాడా?

2021 జనవరి 6న అమెరికా కాపిటల్ భవనంలోకి చొరబడిన మూకలో షాఫర్ ఉన్నాడు, కోర్టులో నేరం ఒప్పుకున్నాడు. దాన్ని వెనకేసుకురావలసిన పని నాకు లేదు. అంతమాత్రాన అంతకు 17 ఏళ్ల ముందటి పాటలు ఆ నేరానికి సాక్ష్యాలైపోవు.

చివరిది, కేకలు. ‘అట్టిలా’లో ఉన్నాయి, ఉండాలి కూడా. కానీ గెటిస్‌బర్గ్ చివరి భాగంలో లీ, లాంగ్‌స్ట్రీట్‌ల వాదన వినండి. బుర్రకథ కథకుడిలా ఓవెన్స్ ఒక్కడే రెండు పాత్రలూ పలుకుతాడు, అదీ స్థాయి బాగా దించి. అంత ఓపిక లేనివారు కనీసం ఇదే ఆల్బమ్‌లోని ‘హాలో మ్యాన్’ అయినా విని రావచ్చు. అందులో అతను చాలాసేపు మెల్లగానే పాడతాడు.