శ్రీ ‘ఇంకొక్కటి’ గారికి ఒక బహిరంగ లేఖ

అయ్యా,

విజయనగరం నుంచి మీ చిరకాల సేవకుడు నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. మీ క్షేమం అడగనక్కరలేదు. రోజుకు పాతికసార్లు నా నోట్లోంచే బయటికి వస్తున్నారు, నిక్షేపంలా ఉన్నారు.

మిమ్మల్ని ఎరగని వారి కోసం ఒక్క మాట. ఫోను ఎత్తి ఫొటో తీసి, ఆ తీసిన దాని వంక చూడకుండానే మనిషి అనే మాట మీరు. బారసాలైనా, అప్పగింతలైనా, అమ్మ ఆవకాయ కలుపుతున్నా మీరు హాజరు. పిలవని పేరంటానికి వచ్చేది మీరే, అందరికంటే ఆఖరున వెళ్లేదీ మీరే.

మొన్నటి సిరిమానోత్సవం రోజున మీ వ్యవహారం మరీ ముదిరింది. దసరా వెళ్లాక వచ్చే మంగళవారం మా ఊళ్లో ఇసక వేస్తే రాలదు. మూడులాంతర్ల దగ్గరి పైడితల్లి అమ్మవారి గుడి నుంచి కోట దాకా సిరిమాను మూడుసార్లు వెళ్లి వస్తుంది. పొడవాటి చింతమాను కొసన పూజారి గారు ఆకాశంలో కూర్చుని వస్తుంటే, కింద నుంచి జనం అరటిపళ్లు విసురుతుంటారు. దారి పక్కన ఒక మేడ మీద చోటు దొరికింది. ఒక చేతిలో అరటిపండు, ఇంకో చేతిలో మీరు. అంటే ఫోను.

సాయంత్రం ఇంటికి వచ్చి చూసుకుంటే 214 ఫొటోలు. వాటిలో సగానికి పైగా ముందు నిలబడ్డ వాళ్ల చేతులు, ఆ చేతుల్లో ఫోన్లు, ఆ ఫోన్లలో అంగుళమంత సిరిమాను. మిగిలిన వాటిలో సిరిమాను ఉంది కానీ అది వంగిందో, నా చెయ్యి వంగిందో తేలదు. అన్నిటిలోకీ చక్కగా కుదిరిన ఒకే ఒక్క ఫొటోలో ఎవరో భక్తుడు విసిరిన అరటిపండు వచ్చి సరిగ్గా పూజారి గారి ముఖానికి అడ్డం నిలబడింది. నా అరటిపండు మాత్రం ఎవరి ముఖానికీ అడ్డం రాలేదు. విసిరే తీరిక మీరు ఇవ్వలేదు. దాన్ని ఇంటికి తెచ్చాక మా అమ్మాయి తినేసింది.

ఇదే సిరిమానును మా నాన్న ఏటా మూడే ఫొటోలు తీసేవారు. తడవకు ఒకటి. అమ్మవారే మూడుసార్లకు మించి తిరగనప్పుడు మనకెందుకు నాలుగోది అనేవారు.

నాన్న హైస్కూల్లో లెక్కల మాస్టారు. రీలుకు 36 ఫొటోలు. సంక్రాంతికి ఎక్కించిన రీలు దసరాకు దిగేది. ప్రతి ఫొటోకూ జేబు డైరీలో పద్దు రాసేవారు. ఆ డైరీ ఇప్పటికీ నా దగ్గర ఉంది. ‘1. భోగిమంట. 2, 3. రథసప్తమి, అరసవల్లి. 4. పెద్దన్నయ్య కొత్త సైకిలు, పెద్దన్నయ్యతో సహా.’ ఏడో నంబరు పక్కన ఎర్ర సిరాతో ‘వృథా. బాబు కదిలాడు’ అని ఉంది. ఆ బాబును నేనే. నాకు నాలుగేళ్లు. రికార్డుల్లో నా మీద ఇంతవరకూ ఉన్న ఏకైక నేరం అది.

ఆ రోజుల్లోనూ మీ పేరు వినబడేది. అయితే చివర ఒక ఏకారం తోడుండేది. ‘ఇంకొక్కటే ఉంది’ అనేవారు నాన్న, కెమెరా మీది చిన్న కిటికీలో అంకె చూసి. ఆ ఒక్క ఏకారానికి ఎంత అధికారమో! పెదనాన్న కండువా సర్దుకునేవారు. మేనత్త పమిటచెంగుతో ముఖం తుడుచుకుని, ఆ పమిటను మళ్లీ సవరించుకునేది. మేం పిల్లలం ఊపిరి బిగబట్టేవాళ్లం. క్లిక్కుమనగానే ఇంటిల్లిపాదీ ఒక్కసారి గాలి వదిలేవారు. అంతే, పని అయిపోయింది, ఎవరి నవ్వు వాళ్లు మడిచి లోపల పెట్టుకోవచ్చు. ఇప్పుడు ఆ ఏకారాన్ని మీరు ఎక్కడో జారవిడుచుకున్నారు. అక్షరం చివర పోయిన చిన్న గుర్తే కదా అనుకున్నాం.

అంత మాత్రాన రీలు కాలమంతా కృతయుగం అనబోవడం లేదు. మా చెల్లి పుట్టువెంట్రుకల సంగతి చెబితే మీరే నవ్వుతారు. సింహాచలంలో గుండు చేయించి, భోజనాలకు కూర్చున్నప్పుడు, మా మేనమామ కొడుకు లోపల బొమ్మలెలా ఉన్నాయో చూద్దామని కెమెరా వెనక తలుపు తెరిచాడు. తీసిన ఫిల్ము ఒక చుట్టగా చుట్టుకుంటూ ఉంటుంది కాబట్టి, పైపొరలో ఉన్న తాజా ఫొటోలన్నీ వెలుగు తగిలి మాడిపోయాయి. లోపలి పొరల్లోవి అంచులు కాలినా బతికి బట్టకట్టాయి. ఆ కారణంగా మా ఆల్బంలో చెల్లి ఒత్తైన ఉంగరాల జుట్టుతో గుడిలోకి వెళుతుంది. గుండుతో బయటికి వచ్చినట్టు ఎక్కడా దాఖలా లేదు. దానికి ఇప్పుడు ఇద్దరు పిల్లలు. ఆ గుండు నాకు జరగలేదని ఇప్పటికీ వాదిస్తుంది.

పైగా రీలు కడిగించడం ఒక తతంగం. రంగుల రీలును మొదటి మందులో 38 డిగ్రీల వేడిలో 3 నిమిషాల 15 సెకన్లు ఉంచుతారని స్టూడియో ఆయన చెబితే, నాన్న అబ్బురపడి ఇంటికి వచ్చి అమ్మకు చెప్పారు. అమ్మ తిరిగి చూడకుండానే ‘నా పాలు తోడుపెట్టడానికీ అంత గోరువెచ్చనే కావాలి, దానికి డిగ్రీలెందుకు’ అంది. పచ్చకవరు చేతికి వచ్చే దాకా ఎవరి కళ్లు మూసుకున్నాయో ఎవరికీ తెలియదు. తెలిశాక చేయగలిగిందీ లేదు. పెదనాన్న మా ఇంటి ఆల్బంలో పదిహేనేళ్ల పాటు నిద్రపోతూనే ఉన్నారు.

ఈ మధ్య మీ జాతకం తిరగేశాను. 1975లో అమెరికాలో కొడాక్ కంపెనీ ఇంజనీరు స్టీవ్ శాసన్ తొలి డిజిటల్ కెమెరా చేశాడు. మొత్తం పదివేల చుక్కల బొమ్మ, అదీ తెలుపు నలుపులో. ఒక్క బొమ్మను క్యాసెట్టు టేపు మీదికి ఎక్కించడానికి 23 సెకన్లు పట్టేది. ఆ వేగంతోనే ఆగి ఉంటే మీ ఆటలు సాగేవి కావు. మీరు ‘ఇంకొక్కటి’ అనేలోగా మూడు ముళ్లూ పడిపోయేవి. మీరు ఆగలేదు. రీళ్లు అమ్ముకుని బతికిన ఇంట్లోనే పుట్టి, 2012 జనవరిలో అదే ఇంటి చేత దివాలా అర్జీ పెట్టించారు. తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టడమంటే ఇదే.

మా ఇంటికి మీరు మా బావ దుబాయ్ నుంచి తెచ్చిన చిన్న వెండిరంగు కెమెరాలో వచ్చారు. మొదట్లో వినయంగానే ఉన్నారు. కార్డు నిండగానే నోరు మూసుకునేవారు. ఫోన్లోకి కాపురం మారాక మీకు పట్టపగ్గాలు లేవు. ఈ కాలపు ఫోన్లు చాలావాటిలో నేను మీట నొక్కక ముందే కెమెరా లోపల కొన్ని బొమ్మలు పట్టి ఉంచుకుని, నొక్కాక వాటిని కలిపి ఒకటిగా చూపిస్తుందట. అంటే నేను నోరు తెరవక ముందే అది తనలో తాను మీ నామజపం చేసుకుంటోందన్న మాట.

ప్రస్తుతం నా ఫోన్లో 23,418 ఫొటోలు. అందులో ఏముందో మీకు తెలుసు. చెప్పుల స్టాండు టోకెను. గ్యాస్ బండ బుకింగు నంబరు. నాన్న షుగరు రిపోర్టు, మూడు కోణాల్లో. ఒకే భోగిమంట 61 సార్లు. మా అమ్మాయి తొలి అడుగులు మాత్రం లేవు. అవి ఉన్న హార్డ్‌డిస్కు ఒక రోజు టిక్కు టిక్కుమని రెండుసార్లు అని, మూడోది అనలేదు. మొన్నొక పొద్దున ఫోను తనంతట తానే సన్నాయి సంగీతం పెట్టి, ‘మూడేళ్ల క్రితం ఇదే రోజు’ అంటూ ఒక మధుర జ్ఞాపకాన్ని నా ముందు ఉంచింది. మా ఇంటి కరెంటు బిల్లు. అది మెల్లగా దగ్గరికి వచ్చి, మెల్లగా కరిగిపోయింది. మొత్తం 1,140 రూపాయలు.

అసలు నేరారోపణ వేరే ఉంది. గుంపు ఫొటోకు మా వాళ్లను నిలబెట్టి మీరు వరసగా ఏడు తీయిస్తారు కదా, ఆ ఏడింటినీ ఒకదాని తర్వాత ఒకటి వేలితో జరిపి చూడండి. మొదటి దానిలో అమ్మ నవ్వు నిండుగా ఉంటుంది. మూడో దానిలో పెదవులు అక్కడే ఉంటాయి, కళ్లు పొయ్యి వైపు పోతాయి. అయిదో దానిలో మోకాలు నొప్పి ముఖంలోకి వస్తుంది. ఏడో దానిలో నోరు కొంచెం తెరుచుకుని ఉంటుంది. ‘అయిందా నాయనా?’ అంటోంది అప్పుడు. ఎనిమిదోది తీసేది మీరే కాబట్టి నేను జవాబు చెప్పలేదు.

ఇక్కడిదాకా నా వాదన పకడ్బందీగా ఉంది. ఇక్కడే ఆపి సంతకం పెట్టి ఉంటే బాగుండేది.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చింది గుర్తుందా? మీకు గుర్తుండదు. కూలిన చెట్లను ఒక పూట తీయించి, ఛార్జింగు అయిపోగానే కన్ను మూశారు. రోజుల తరబడి కరెంటు లేదు. మూడో రాత్రి తోచక అటక మీది ట్రంకుపెట్టె దించి, కొవ్వొత్తి వెలుగులో నాన్న రీళ్లన్నీ పరిచాను. 14 రీళ్లు, 504 ఫొటోలు. లెక్కల మాస్టారి కొడుకును కదా, మనిషి మనిషికీ లెక్క తీశాను. నేను 160 చోట్ల ఉన్నాను. చెల్లి 131. పెద్దన్నయ్య సైకిలు 12. అమ్మ 19. ఆ పందొమ్మిదిలోనూ ఆరు, ఎవరి భుజం వెనక నుంచో.

పక్కనే ఉన్న అమ్మను అడిగాను. ‘నాకెందుకు దండగ, పిల్లల్ని తియ్యండి అనేదాన్ని’ అంది, అదేదో ఉప్పు తక్కువైన సంగతి చెప్పినట్టు. పద్దు రాసిన చెయ్యి నాన్నది, పొదుపు మాత్రం అమ్మ ఖాతాలో జరిగింది.

తొలినాటి తెలుపు నలుపు రీలు ఒకటి ఉంది, ఊటీలో తయారైన ఇందు ఫిల్ము. దాని నెగెటివు చివర ఒక తునక అదనంగా కనబడింది. జాగ్రత్తగా ఎక్కిస్తే 36 రీలు ఒక్కోసారి 37వ ఫొటో కూడా ఇస్తుంది. డైరీలో దానికి పద్దు లేదు. స్టూడియోలో కత్తెర మధ్యగా పోయినట్టుంది, ప్రింటు కూడా వేయలేదు. కొవ్వొత్తికి ఎదురుగా పట్టుకుని చూశాను. వంటింటి గుమ్మం. అమ్మ సగం ముఖం, ఒక చెయ్యి, చేతిలో అట్లకాడ. నవ్వుతోంది. పని ముగిసిందనుకుని బయటికి వచ్చినట్టుంది. నెగెటివు కాబట్టి నల్లటి జుట్టు తెల్లగా మెరుస్తోంది. అప్పటికి ఆమెకు ముప్ఫయ్యేళ్లు. ఇటు తిరిగి చూస్తే, పక్కన కూర్చుని ఒత్తి సరిచేస్తున్న అమ్మ జుట్టు ఆ రంగుకే వచ్చి ఉంది.

ఆ 37వది తీసిన రోజున నాన్న నోట ఏ మాట వచ్చి ఉంటుందో నాకు తెలుసు, మీకూ తెలుసు. ఏకారం లేకుండా.

ఇప్పుడు నా ఫోన్లో అమ్మవి 1,900 దాటాయి. అయిందా అని విసుక్కుంటున్నవీ, మోకాలు పట్టుకున్నవీ, ఆవకాయ చేత్తో నన్ను అదిలిస్తున్నవీ కలుపుకుని. అవి మీ చలవే. ఆ ఒక్క పద్దు వల్లే మిమ్మల్ని మెడపట్టి గెంటలేకపోతున్నాను.

అయినా ఈ సంక్రాంతికి ఒక ప్రయోగం చేశాను. కనుమ నాడు అందరూ పెరట్లో ఉన్నారు. ఫోను ఎత్తగానే నాన్న అలవాటు చొప్పున ‘ఎన్ని ఉన్నాయిరా?’ అన్నారు. ఎనభై ఏళ్లు వస్తున్నా ఆ ప్రశ్న మానలేదు. ‘ఇంకొక్కటే ఉంది నాన్నా’ అన్నాను. అబద్ధమే. నాన్న లేచి వెళ్లి చొక్కా తొడుక్కుని వచ్చారు. చెల్లి జడ ముందుకు వేసుకుంది. మా అమ్మాయి, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, కదలకుండా నిలబడింది. అమ్మ చేతులు కడుక్కుని వచ్చి, ఎవరూ పిలవకుండానే మధ్యలో నిలబడింది. ఒక్కటే తీసి ఫోను జేబులో పెట్టేశాను. మీరు నా నాలుక చివర దాకా వచ్చారు. రానివ్వలేదు. అందరూ గాలి వదిలి నవ్వుకుంటూ లోపలికి పోయారు.

రాత్రి తీసి చూశాను. అమ్మ కళ్లు మూసుకుంది.

పొద్దున్న వాళ్లంతా రైలెక్కేలోగా, వీలు చూసుకుని, ఒకసారి ఇటు రాగలరు.

ఇట్లు,
తమ విధేయుడు,
డైరీలో ఏడో నంబరు