‘మావాడు ఏమీ చేయడండీ’ గారికి ఒక ఉత్తరం

భీమవరం,
ధనుర్మాసం, ముగ్గు పాడైన రోజు.

మహారాజశ్రీ ‘మావాడు ఏమీ చేయడండీ’ గారికి,

నమస్కారాలు. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం మా కాలపు అలవాటు. ఈ రోజు కుశలమంతా మీ వైపే ఉంది కాబట్టి ఆ మాట కొట్టేస్తున్నాను.

మీరు మూడు మాటల వాక్యం. అయినా మా అపార్టుమెంటులో వాచ్‌మన్ కంటే, అసోసియేషన్ ప్రెసిడెంటు గారి కంటే, గేటుకు వేలాడే తాళం కంటే మీ మాటకే విలువ ఎక్కువ. ముప్పై ఏళ్లు పిల్లలకు తెలుగు చెప్పి రిటైరైనవాణ్ణి. ఇంత చిన్న వాక్యం వెనుక ముప్పై కిలోల లాబ్రడార్ దాక్కోగలదని ఏ వ్యాకరణంలోనూ చదవలేదు.

ఈ ఉదయం సంగతి మీకు తెలుసు, మీరు అక్కడే ఉన్నారు. అయినా నా తృప్తి కోసం మళ్లీ రాస్తాను.

మా ఆవిడ నాలుగున్నరకు లేచింది. గేటు లోపల సిమెంటు నేల కడిగి, ఆరనిచ్చి, 21 చుక్కలు, సందు చుక్క 11 వరకు పెట్టి మెలికల ముగ్గు వేసింది. మోకాళ్ల నొప్పులతో గంటా పది నిమిషాలు. ఆపైన గొబ్బెమ్మలు. అపార్టుమెంటులో ఉంటూ ఆవు పేడ సంపాదించడం ఎంత కష్టమో మీకు తెలియదు. గోదావరికి వరద వచ్చే రోజుల్లో పులస చేప కావాలంటే ఫోను చేస్తే ఎవరో ఒకరు ఇంటికి తెచ్చి ఇస్తారు. పేడ కోసం పాలబ్బాయిని రెండు రోజుల ముందు నుంచి బతిమాలుకోవాలి. అలా తెప్పించి అయిదు గొబ్బెమ్మలు చేసి, నాలుగింటికి గుమ్మడి పూలు గుచ్చి, అయిదో పువ్వు తేవడానికి పైకి వెళ్లింది. వచ్చేసరికి ఆరు గొబ్బెమ్మలు ఉన్నాయి.

కళ్లజోడు పెట్టుకోలేదు. పక్క ఫ్లాటు ఇల్లాలు ఎవరో పుణ్యానికి ఇంకొకటి పెట్టిందనుకుంది. పూలు లేనివి రెండున్నాయి కదా అని, దగ్గరున్నదాని మీదికి వంగింది. ఆ మంచులో అది సన్నగా పొగలు కక్కుతోంది. రాత్రి నుంచి బకెట్టులో ఉన్న పేడకు పొగ రాదు. ఆ ఒక్క గుర్తే మా ఆవిడ చేతిని కాపాడింది.

మూడడుగుల దూరంలో యజమాని గారు. ముఖం మీద ఫోను వెలుతురు. గొలుసు తేలేదని నేను అనను, తెచ్చారు. మెడలోనే ఉంది. ఆయన మెడలో. బుజ్జి (ఆ ముప్పై కిలోల పేరు బుజ్జి) పని ముగించుకుని, వెనక్కాళ్లతో నేలను ఎడాపెడా తన్నుతున్నాడు. కుక్కల పాదాల్లో వాసన గ్రంథులు ఉంటాయట, అలా గీకడం ఈ చోటు నాది అని సంతకం చేయడమట. ఆ సంతకంలో నాలుగు వరుసల మెలికలు, ఒక అసలు గొబ్బెమ్మ పోయాయి. సరిగ్గా అప్పుడు, ఫోనులోంచి తలెత్తకుండానే, ఆయన మిమ్మల్ని పలికారు.

“మావాడు ఏమీ చేయడండీ.”

తమరిలో కర్త మీవాడు. క్రియ ముగ్గు మీద ఉంది. కర్మ మాది.

‘మావాడు’ అన్న మాట దగ్గర కాసేపు ఆగాలని ఉంది. తెలుగు వ్యాకరణం ఏకవచనంలో ఆడవాళ్లకే ఇవ్వని మహద్వాచక మర్యాద, అంటే మగవాళ్లకు వాడే ‘వాడు’, మీరు కుక్కకు ఇచ్చారు. ఇంటి ఆడపిల్లను ‘అది’ అంటాం, బుజ్జిని ‘అది’ అంటే మాత్రం యజమాని గారు నొచ్చుకుంటారు. నేను కూడా ఈ ఉత్తరంలో ‘వాడు’ అనే రాస్తున్నాను. నా శక్తి అంత.

అసలు నా గొడవంతా మీ చివర ఉన్న ‘అండీ’తో. మా గోదావరి జిల్లాల వాళ్లకు అండీ అంటే ప్రాణం. బస్సులో కాలు తొక్కినవాణ్ణి ‘చూసుకోవాలి కదండీ’ అంటాం. అప్పు ఎగ్గొట్టి తిరుగుతున్నవాణ్ణి ‘ఎప్పుడిస్తారండీ’ అని అడుగుతాం. దొంగ దొరికినా ‘ఏ ఊరండీ మీది’ అని తెలుసుకున్న తరువాతే చెయ్యి చేసుకుంటాం. ఈ బలహీనత మీరు కనిపెట్టారు. ‘ఏమీ చేయడు’ అని ఊరుకుంటే ఎవరైనా తిరగబడవచ్చు. చివర ఒక అండీ తగిలించేసరికి ఎదుటివాడి నోటికి తాళం పడుతుంది. మా ఆవిడనే చూడండి. నాలుగున్నరకు లేచిన మనిషి, చేతిలో గుమ్మడి పువ్వు, ఎదురుగా పొగలు కక్కుతున్న ఆరో గొబ్బెమ్మ. ఆవిడ నోట వచ్చిన మాట ఏమిటో తెలుసా? “పరవాలేదండీ.”

పరవాలేదట!

ఇది ఒక్క రోజు ముచ్చటైతే ఉత్తరం రాసేవాణ్ణి కాదు. కార్తీక మాసంలో, వనభోజనాల మర్నాడు, ఇందుకోసమే మీటింగు పెట్టుకున్నాం. యజమాని గారు లామినేషన్ చేయించిన కాగితం ఒకటి పట్టుకొచ్చారు. జంతు సంక్షేమ మండలి 2015లో ఇచ్చిన సూచనలు. కుక్కను పెంచుకోకూడదని అసోసియేషన్ తీర్మానం చేయడానికి వీల్లేదు, లిఫ్టు ఎక్కనివ్వం అనడానికీ వీల్లేదు అని గట్టిగా చదివారు. సబబే, మేమూ ఒప్పుకున్నాం. బయట తిప్పేటప్పుడు గొలుసు వేయండి, మలం ఎత్తి శుభ్రం చేయండి అని అవే సూచనలు పెంచేవాళ్లను కూడా కోరాయి. ఆ భాగం వచ్చేసరికి ఆయనకు ఫోను వచ్చింది. ఆ తరువాత భారత న్యాయ సంహితలో 291వ సెక్షన్ ఉందని నేను చెప్పాను. తన జంతువు వల్ల మనుషులకు ప్రాణాపాయం గానీ తీవ్రమైన గాయం గానీ కలగకుండా తగిన జాగ్రత్త తీసుకోని యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. చెప్పడం ఎలా చెప్పాను? “ఆరు నెలలండీ” అన్నాను. “అవునాండీ, కాఫీ తీసుకుంటారా?” అన్నారాయన.

తరువాత ధర్మరాజు వచ్చాడు. ఇలాంటి మీటింగులకు ధర్మరాజు రాకుండా ఉండడు. కుక్క లేనిదే స్వర్గం కూడా వద్దన్నాడండీ అని యజమాని గారు గుర్తుచేశారు. నిజమే. అయితే ఆ కుక్క ఆయన వెంట హిమాలయాల దాకా నడిచింది. మీవాడు గేటు దాకా.

చివరికి ఒక మాట ఇచ్చారు. రోజూ కవరు తెస్తానని, బుజ్జిని కాలువ గట్టుకు తీసుకువెళతానని. మాట మూడు రోజులు నిలబడింది. నాలుగో రోజు కవరు చేతిలోనే ఉంది, ఖాళీగా గాలికి ఊగుతూ. అయిదో రోజు అదే కవరులో తోటకూర కట్ట కనిపించింది. అదే కవరు అని ఎలా చెప్పగలనంటే, దాని మీద ఉన్న బట్టల దుకాణం బొమ్మ నాకు కంఠస్థం.

కాలువ గట్టు ఎక్కడో లేదు. గేటు దాటి రెండు వందల అడుగులు. దాళ్వాకు, అంటే రెండో పంటకు, వదిలిన నీళ్లు పారుతున్నాయి, గట్టు పొడవునా గడ్డి, కొబ్బరి చెట్లు. అక్కడికి ఎందుకు వెళ్లరని అడిగితే ఏమన్నారో మీరు నమ్మరు. “అక్కడ వీధి కుక్కలు ఉంటాయండీ, కరుస్తాయండీ.” పాపం, వాటి తరఫున చెప్పడానికి మూడు మాటల వాక్యం ఎవరి దగ్గరా లేదు.

హరిదాసు గారు అక్షయపాత్ర నెత్తిన పెట్టుకుని గేటు దాకా వచ్చి, బుజ్జి గొంతు విని అటునుంచి అటే వెళ్లిపోయారు. ఈ నెల మా అపార్టుమెంటుకు పుణ్యం రాక ఆగిపోయింది. పక్క బ్లాకులో సైబీరియా నుంచి వచ్చిన జాతి హస్కీ ఒకటి ఉంది, మే నెలలో కరెంటు పోయినప్పుడు దాని ఏడుపు వింటే మాకే ఏసీ కొనివ్వాలనిపిస్తుంది. మూడో అంతస్తు బాల్కనీలో బాదం పప్పు తింటున్న పందెం కోడి తెల్లవారుజామున మూడింటికే కూస్తోంది. దాని సంగతి పండగ వెళ్లాక మాట్లాడదామనుకున్నాం. అప్పటికి ఆ అవసరం ఉండకపోవచ్చు.

మీతో నా పరిచయం ఇప్పటిది కాదు. తొమ్మిదేళ్ల వయసులో మా మేనమామ గారి అరుగు దగ్గర కలిశాం. అప్పటికి మీకు అండీ లేదు. “ఏమీ చేయదురా, వెళ్లు” అన్నాడు మామయ్య. వెళ్లాను. ఆ తరువాత పద్నాలుగు రోజులు, గొర్రె మెదడు నుంచి తయారుచేసిన కుక్కకాటు మందు, బొడ్డు చుట్టూ రోజుకొక సూది. ఇప్పుడా మందు లేదు. ముందు గాయాన్ని సబ్బు పెట్టి పారే నీళ్ల కింద పదిహేను నిమిషాలు కడగమంటారు, ఆపైన చేతికి టీకా వేసి 0, 3, 7, 14, 28 రోజులని చీటీ రాసిస్తారు. బుజ్జికి ఏటా టీకాలు వేయిస్తున్నారట. పుస్తకం కూడా చూపించారు, ముద్రలన్నీ సక్రమంగా ఉన్నాయి. కానీ నా బొడ్డుకు ఆ పుస్తకం చదవడం రాదు.

ఇక్కడ నుంచి అండీ తీసేస్తున్నాను.

నాలుగో అంతస్తు మామ్మగారికి డెబ్బై ఎనిమిదేళ్లు. తుంటికి ఆపరేషన్ అయి ఇంకా ఏడాది నిండలేదు. పోయిన మంగళవారం లిఫ్టు తలుపు తెరుచుకోగానే బుజ్జి రెండు ముందు కాళ్లూ ఎత్తి ఆవిడ భుజాల మీద వేశాడు. ప్రేమతోనే, కాదనను. చేతికర్ర ఒకవైపు పడింది, పాలగిన్నె ఒకవైపు పడింది. ఆవిడ లిఫ్టు గోడకు వీపు ఆనించి, కళ్లు గట్టిగా మూసుకుని నిలబడిపోయింది. పాలు కారి ఆవిడ చెప్పుల కిందికి చేరుతున్నాయి. అప్పుడు నువ్వేమన్నావు? ఎప్పుడూ చెప్పే మూడు మాటలతో ఆగలేదు. “భయపడకండి మామ్మగారూ, భయపడితేనే మీదికి వస్తాడు” అన్నావు.

అంటే తప్పు ఆవిడది. ఇంకా కొన్ని తప్పులు మాకు నేర్పావు. పరుగెత్తకూడదు. కళ్లలోకి చూడకూడదు. చేతులు పైకెత్తకూడదు. పిల్లలు కేకలు వేయకూడదు. చేతిలో బిస్కెట్టు ఉండకూడదు. కుక్కను పెంచుతున్నది వాళ్లు, శిక్షణ తీసుకుంటున్నది మేము. మామ్మగారు అప్పటి నుంచి మావుళ్లమ్మ గుడికి రావడం మానేసింది. ఎందుకు రావడం లేదని అడిగితే కాళ్ల నొప్పులని చెబుతోంది. ఆవిడ కూడా ఈ జిల్లా మనిషే.

నీ దోషం ఎక్కడుందో ఇన్నాళ్లకు పట్టుకున్నాను. నీలో కర్త తప్పు. ఏమీ చేయనిది బుజ్జి కాదు. గొలుసు వేయనిది, కవరు తేనిది, ఒక చీపురుకట్ట తీసుకుని నాలుగు చెంబుల నీళ్లు పోయనిది, పడ్డ కర్ర తీసి మామ్మగారి చేతికి ఇవ్వనిది, కనీసం ఫోను జేబులో పెట్టుకోనిది ఎవరో ఆయనను కర్త స్థానంలో పెట్టి చూడు. ఒక్క అక్షరం మార్చకుండా ఎంత నిజమైన వాక్యం అవుతావో!

బుజ్జి మీద నాకు కోపం లేదు. పొద్దున తొమ్మిదింటికి ఇంట్లోవాళ్లంతా వెళ్లిపోతే రాత్రి ఏడింటి దాకా వాడు బాల్కనీ గ్రిల్లుకు ముక్కు ఆనించి కూర్చుంటాడు. కింద స్కూటరు ఆగిన చప్పుడు వినిపిస్తే చాలు, తోక నేలకు కొట్టుకుంటుంది. తమవాళ్లు కాదని తెలిశాక ఆగుతుంది. రాత్రంతా బిగపట్టుకుని, తెల్లవారి లిఫ్టు తలుపు తెరుచుకుంటే, తిప్పేది మొత్తం ఆరు నిమిషాలు. అందులో నాలుగు యజమాని గారి ఫోనువి. కంటబడిన మొదటి నేల మీద వాడు పని ముగించుకుంటాడు. ఆ నేల మీద మా ఆవిడ చుక్కలు పెట్టడం వాడి తప్పా? ఈ ఉదయం నేను బకెట్టుతో వచ్చి కడుగుతుంటే పక్కనే కూర్చుని నీళ్లు పారే వైపు తల తిప్పుతూ చూశాడు. మధ్యలో ఒకసారి చీపురు చివర నోట కరిచి లాగాడు. సాయం చేస్తున్నాననుకున్నాడేమో.

సరే. ఎల్లుండి భోగి. మా ఆవిడ రథం ముగ్గు వేస్తానంటోంది. నేను అయిదింటికే గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంటాను. ఆ పూటకు తమరు రానవసరం లేదు. తమ బదులు ఆ కవరును పంపించండి. ఖాళీది. తోటకూర లేనిది.

ఇట్లు,
తమ అండీకి అనేక సంవత్సరాలుగా బాధితుడు.

తా.క.: బుజ్జి సరిగ్గా ఆ ముగ్గు దగ్గరే ఎందుకు ఆగుతాడని మా ఆవిడ రెండు రోజులుగా అడుగుతోంది. ఆదివారం సాయంత్రాలు నేను అక్కడే కూర్చుని టీ తాగుతానని, టీలోకి తెచ్చుకునే బిస్కెట్లలో రెండు లెక్కకు రావని ఆవిడకు తెలియదు. చేత్తో పెట్టను, దూరం నుంచే విసురుతాను. దయచేసి ఆవిడతో ఏమీ అనకండి.