ఆ ‘అమెరికా ఫోన్ డబ్బా’తో 108 కలవదు

మళ్లీ వచ్చింది. అపార్ట్‌మెంట్ గ్రూపులో, బంధువుల గ్రూపులో, రిటైరైన ఉద్యోగుల గ్రూపులో, ఒక్క అక్షరం మారకుండా. ‘పిల్లలు అమెరికా నుంచి వచ్చేటప్పుడు ఇంటర్నెట్ ఫోన్ డబ్బా ఒకటి తెమ్మనండి. ఇక్కడి రౌటర్‌కు తగిలిస్తే జీవితకాలం కాల్స్ ఉచితం. పాత 040 నంబరు దానికే మార్చుకోవచ్చు. కరెంటు పోయినా పనిచేస్తుంది. 108, 112 అన్నీ కలుస్తాయి. 300 ఎంబీపీఎస్ ప్లాన్ మాత్రం తప్పనిసరి. రేడియేషన్ ఉండదు. పాత ఫోన్ వెంటనే తీయించేయండి. పెద్దవాళ్లున్న ప్రతి ఇంటికీ పంపండి.’

పెద్దవాళ్లున్న ఇంటికి పంపకూడని మెసేజే ఇది.

ముందు 108 సంగతి తేలుద్దాం, ప్రాణం మీదికి తెచ్చేది అదే. ఊమా, మ్యాజిక్‌జాక్ లాంటి డబ్బాలకు ఉండేది అమెరికా నంబరు. మియాపూర్‌లో ప్లగ్గు పెట్టినా ఆ ఫోన్ అమెరికాలో ఉన్నట్టే లెక్క. 108 అనే మూడంకెల నంబరుకు అర్థం మన దేశపు నెట్‌వర్కుల్లోనే ఉంది. అమెరికా కంపెనీ సర్వర్‌కు చేరిన ఆ మూడంకెలకు హైదరాబాద్ అంబులెన్స్ దాకా దారి లేదు. 112 సంగతీ అంతే.

అమెరికా అత్యవసర నంబరు 911 నొక్కితే ఇంకా ఘోరం. మామూలు ఫోన్లతో కలిసే ఇంటర్నెట్ ఫోన్ కంపెనీలు 911 సౌకర్యం ఇచ్చి తీరాలని అక్కడి టెలికాం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ 2005లోనే ఆదేశించింది. అయితే కాల్‌తో పాటు వెళ్లేది కస్టమర్ నమోదు చేసిన చిరునామా. కొడుకు డాలస్ చిరునామాతో నమోదు చేసి డబ్బాను కూకట్‌పల్లికి పంపితే, పోలీసులు వెళ్లేది డాలస్ ఇంటికి. తండ్రి మాత్రం కూకట్‌పల్లిలో నేల మీద పడి ఉంటాడు. ‘అన్నీ కలుస్తాయి’ అని రాసినవాళ్లు ఒక్కసారైనా నొక్కి చూశారా? చూడకుండా, ఉన్న ఫోన్ కూడా తీయించేయమని ఎలా చెప్తారు?

‘జీవితకాలం ఉచితం’ కూడా నిజం కాదు. ఊమాకు ప్రతి నెలా పన్నులు, ఫీజులు కట్టాలి, మ్యాజిక్‌జాక్‌కు గడువు తీరగానే రెన్యువల్. ఉచితం అనేది అమెరికా నంబర్లకు, కొన్నిట్లో కెనడాకు కూడా. ఆ డబ్బా నుంచి పక్కింటికి ఫోన్ చేయాలన్నా 011 91 నొక్కాలి, అది విదేశీ కాల్. పక్కింటివాళ్లు మీకు చేస్తే వాళ్లకు ఐఎస్‌డీ బిల్లు.

040 నంబరు మార్పిడి అబద్ధం. మన దగ్గర 2011 జనవరి 20 నుంచి దేశమంతా అమల్లో ఉన్నది మొబైల్ నంబర్ పోర్టబిలిటీ. ల్యాండ్‌లైన్‌కు అది లేదు. బీఎస్‌ఎన్‌ఎల్ రాగి తీగ నుంచి బీఎస్‌ఎన్‌ఎల్ ఫైబర్‌కే మారుతుంటే పాత నంబరు ఉంచమని అడగండి. దరఖాస్తులో ఆ మాట రాయించాకే పాత లైన్ వదులుకోండి.

రేడియేషన్ ముక్కకు జవాబు అక్కర్లేదు.

కరెంటు మాట దగ్గర మాత్రం ఆగాలి, ఎందుకంటే ఇక్కడ చదువుకున్నవాళ్లే పొరబడుతున్నారు. పాత రాగి తీగలో ఎక్స్చేంజ్ నుంచే 48 వోల్టులు వచ్చేవి, అందుకే ఇంట్లో చీకటైనా ఫోన్ మోగేది. ఫైబర్‌లో వచ్చేది వెలుగు మాత్రమే. ఆ వెలుగును నెట్, ఫోన్ సిగ్నల్‌గా మార్చేది గోడకున్న ఓఎన్‌టీ పెట్టె. అది ఆరిపోతే ఫోన్ కూడా పోతుంది. ‘ఇన్వర్టర్ ఉంది కదా’ అంటారు. టీవీ వెనక ఓఎన్‌టీ పెట్టిన సాకెట్ ఇన్వర్టర్ లైన్ మీద ఉందా? చాలా ఇళ్లలో ఫ్యాన్లు, లైట్లే ఆ లైన్ మీద ఉంటాయి. మెయిన్ ఆపి రిసీవర్ ఎత్తండి, డయల్ టోన్ ఉందో లేదో అప్పుడే తెలుస్తుంది.

లేకపోతే మినీ యూపీఎస్ కొనండి. అడాప్టర్ మీద 12 వోల్టులు అని ఉంటే యూపీఎస్ అవుట్‌పుట్ కూడా 12 వోల్టులే ఉండాలి, ప్లస్ మైనస్ గుర్తులు కలవాలి, ఆంపియర్లు తగ్గకూడదు. పైన బ్యాటరీ సామర్థ్యం 7,800 ఎంఏహెచ్ అని పెద్దక్షరాలతో వేస్తారు. అది 2,600 ఎంఏహెచ్ సెల్లులు మూడు కలిపి 3.7 వోల్టుల దగ్గర వేసిన లెక్క, అంటే సుమారు 29 వాట్-అవర్లు. ఓఎన్‌టీ 8 వాట్లు తీసుకుంటే, మధ్యలో పోయేది పోగా మూడు గంటలు వస్తుంది. వైఫై రౌటర్ విడిగా ఉంటే దాన్ని ఇందులో కలపకండి, ఫోన్ తీగ ఓఎన్‌టీలోనే ఉంటే దానికొక్కదానికే పవర్ చాలు. ఇంకొకటి: కార్డ్‌లెస్ ఫోన్ బేస్‌కు కూడా కరెంటు కావాలి. తీగ ఉన్న మామూలు ఫోన్ ఒకటి ఉండాల్సిందే.

ఇంట్లోకి వచ్చేది సన్నటి ఫైబరా, మేడ మీది నెట్‌వర్క్ స్విచ్ పెట్టె నుంచి దిగిన ల్యాన్ కేబులా అన్నది కూడా చూడండి. ల్యాన్ అయితే ఆ స్విచ్‌కూ కరెంటు ఉండాలి, మీ యూపీఎస్ ఒక్కటే సరిపోదు. ఇక తీగే తెగితే ఏదీ పనిచేయదు. 2025 ఆగస్టులో ఊరేగింపు రథానికి కరెంటు తగిలిన రామంతాపూర్ ప్రమాదం తర్వాత విద్యుత్ స్తంభాల మీది కేబుళ్లు కత్తిరించినప్పుడు నగరంలో ఎన్నో ఇళ్లకు నెట్ ఆగింది. అందుకే ఏ ఇంటర్నెట్ ఫోన్ పెట్టుకున్నా చార్జింగ్ ఉన్న ఒక మొబైల్ పక్కనుండాలి. బ్యాంకు ఓటీపీలకు ఎలాగూ మొబైలే కావాలి.

300 ఎంబీపీఎస్ దేనికి? మాటను డేటాగా మార్చే జీ.711 కోడెక్ పద్ధతిలో ఒక కాల్‌కు రెండు వైపులా దాదాపు 90 కేబీపీఎస్ చొప్పున చాలు. 30 ఎంబీపీఎస్ ప్లాన్‌లో అలాంటివి వందల కాల్స్ పడతాయి. మాట ముక్కలు ముక్కలుగా వినిపిస్తే కారణం వేరే ఉంటుంది: సీసీ కెమెరానో, ఫోటోల బ్యాకప్పో అప్‌లోడ్ అంతా మింగేస్తూ ఉంటుంది. విడిగా కొన్న డబ్బాలో కాల్ దాదాపు 30 సెకన్ల దగ్గర తెగినా, ఒకవైపే వినిపించినా రౌటర్ సెట్టింగుల్లో ఇంటర్నెట్ కాల్స్‌లో జోక్యం చేసుకునే ‘సిప్ ఏఎల్‌జీ’ని ఆపి చూడండి. ఖరీదైన ప్లాన్ కొనకముందే ఈ రెండూ చూసుకోండి.

చవకగా కావాలంటే మీ ఇంటికి ఫైబర్ ఇచ్చే కంపెనీనే 040 నంబరుతో వాయిస్ ఇస్తుందా అని అడగండి. జియో, ఎయిర్‌టెల్, బీఎస్‌ఎన్‌ఎల్ ఇస్తాయి. 399 అని చెప్పే ప్లాన్ 18 శాతం జీఎస్టీతో 471 అవుతుంది, డిపాజిట్, ఆరు నెలల అడ్వాన్స్ ఉన్నాయేమో అడగండి. పాత ఫోన్‌నే ఓఎన్‌టీ వెనక ‘ఫోన్’ అని ఉన్న రంధ్రంలో పెట్టొచ్చు, అడుగున పల్స్, టోన్ స్విచ్ ఉంటే టోన్ వైపు జరపండి. ఇంటి గోడల్లోని పాత ఫోన్ వైరింగ్‌కు కలిపేటట్టయితే ముందు రోజెట్ (బయటి లైన్ వచ్చి కలిసే గోడ పెట్టె) దగ్గర బయటి రాగి జతను విప్పేయాలి. ఆ లైన్‌లో ఇంకా వోల్టేజ్ ఉంటే, పాత నంబరుకు రింగ్ వచ్చినప్పుడు ఓఎన్‌టీ ఫోన్ పోర్టు కాలిపోవచ్చు. గేటు ఇంటర్‌కామ్ తీగ కూడా దీనికి తగిలించకండి. ఈ ఫోన్ నుంచి మొబైల్‌కు చేసేటప్పుడు ముందు సున్నా నొక్కాలి, 2021 జనవరి 15 నుంచి అదే నియమం. సమస్యల్లా ఇంట్లో సిగ్నల్ అందకపోవడమే అయితే ఇవేవీ అక్కర్లేదు, మొబైల్‌లో వైఫై కాలింగ్ ఆన్ చేస్తే చాలు.

ఆ మెసేజ్‌లో ఒక్క మాట ఒప్పుకుంటాను. పెద్దవాళ్లకు ఇప్పటికీ ఇంటి ఫోన్ కావాలి. వేలితో జరపనక్కర్లేదు, ఎత్తితే చాలు, ఎక్కడ పెట్టామో వెతకనక్కర్లేదు. ఆ డబ్బాకు కూడా ఒక మంచి ఉపయోగం ఉంది: అమెరికాలో వాట్సాప్ వాడని పెద్దవాళ్లు ఇక్కడికి లోకల్ కాల్‌లా చేయొచ్చు. కానీ అది రెండో ఫోన్‌గానే ఉండాలి, వేరే రంగు సెట్‌కు తగిలించి, దాని మీద ‘అమెరికాకు మాత్రమే’ అని అంటించి. 040 ఫోన్ పక్కన గోడకు ఇంకో కాగితం అంటించండి: 108, 112, కింద ఫ్లాట్ నంబరు, బ్లాకు, వీధి, దగ్గర్లోని గుర్తు, పెద్ద అక్షరాల్లో. కంగారులో సొంత చిరునామా కూడా నోటికి రాదు.