కిడ్నీ క్యాన్సర్ పేరు చెప్పి క్వార్టర్ తాగొచ్చా?

మద్యం వద్దని చెప్పే డాక్టర్లను ఇరుకున పెట్టే విషయం ఒకటుంది. మితంగా తాగేవాళ్లలో కిడ్నీ క్యాన్సర్, అసలు తాగనివాళ్లలో కన్నా కాస్త తక్కువగా కనిపిస్తోంది. ఇది వాట్సాప్ పుకారు కాదు. 12 అధ్యయనాల్లోని ఏడున్నర లక్షల మందికి పైగా వివరాలను కలిపి చూసిన విశ్లేషణ 2007లో వచ్చింది. రోజుకు 15 గ్రాములు, ఆపైన ఆల్కహాల్ తీసుకునేవాళ్లలో ముప్పు 28 శాతం తక్కువని అందులో తేలింది. ప్రపంచ క్యాన్సర్ పరిశోధన నిధి కూడా 2015లో దాదాపు అదే చెప్పింది. అయితే రోజుకు 30 గ్రాముల వరకే అంది. అంతకు మించి తాగితే ఏమవుతుందో చెప్పడానికి ఆధారాలు చాలవంది.

మన లెక్క తప్పేది ఈ 30 గ్రాముల దగ్గరే. 42.8 శాతం విస్కీ 60 మిల్లీలీటర్ల లార్జ్ పెగ్గులో సుమారు 20 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. 180 మిల్లీలీటర్ల క్వార్టర్‌లో 60 గ్రాములు. ఎనిమిది శాతం స్ట్రాంగ్ బీరు 650 మిల్లీలీటర్ల సీసా ఒక్కటే 40 దాటుతుంది. బెల్టు షాపు దగ్గర క్వార్టర్ ఎత్తేసే మనిషికి ఆ అధ్యయనాలు ఏ హామీ ఇవ్వలేదు.

పైగా మద్యమే కాపాడుతోందని గట్టిగా చెప్పలేం. మితంగా తాగితే ఇన్సులిన్ పనితీరు మెరుగవడం వల్ల ముప్పు తగ్గుతుండవచ్చని ఒక వివరణ. జబ్బు చేసి తాగుడు మానేసినవాళ్లు 'తాగనివాళ్ల' జాబితాలో చేరి లెక్కను తారుమారు చేస్తారనేది పాత అనుమానం. నాకు ఇదేమంత పెద్ద తగాదాగా అనిపించదు. కిడ్నీ దగ్గర లాభం నిజమే అనుకున్నా, నోరు, గొంతు, అన్నవాహిక, కాలేయం, పెద్దపేగు, రొమ్ము క్యాన్సర్లకు మద్యం కారణమని రుజువైంది. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1988లోనే దాన్ని క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో పెట్టింది. మన దేశంలో కిడ్నీ క్యాన్సర్ కన్నా నోటి క్యాన్సరే చాలా ఎక్కువ. ఈ బేరం ఎవరికి గిట్టుబాటు?

బీరు తాగితే కిడ్నీలో రాళ్లు పోతాయన్న నమ్మకానికీ దీనికీ సంబంధం లేదు. బీరు మూత్రాన్ని పెంచుతుందే తప్ప రాయిని కరిగించదు. యూరిక్ యాసిడ్‌నూ పెంచుతుంది.

కిడ్నీ క్యాన్సర్ భయం నిజంగా ఉన్నవాళ్లు చూసుకోవాల్సినవి వేరు: సిగరెట్, ఊబకాయం, బీపీ. మందుతో పాటు పెట్టె కాల్చేవాళ్లకు, రోజూ ఎక్కువగా తాగి బీపీ తెచ్చుకున్నవాళ్లకు ఆ 28 శాతం ఏపాటి? మూత్రంలో రక్తం కనిపిస్తే, నొప్పి లేకపోయినా, ఆ వారమే డాక్టరు దగ్గరకు వెళ్లాలి.