సంవత్సరాంత సందేశం గారి సముఖమునకు

మహారాజశ్రీ జిల్లా విద్యా సంవత్సరాంత సందేశం గారికి,

హైదరాబాదులో ఒక బస్తీ బడికి కొడుకును పంపుతున్న తండ్రి నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. మీ కుశలం అడగవలసిన పనిలేదు. ఏ ఏప్రిల్‌లో చూసినా నవనవలాడుతూనే ఉంటారు.

2025 ఏప్రిల్ 23న, బడి ఆఖరి రోజున, ప్రగతి పత్రాల కోసం వచ్చిన మమ్మల్ని వరండాలో కూర్చోబెట్టి మిమ్మల్ని చదివి వినిపించారు. ‘తల్లిదండ్రులకు, బస్తీ పెద్దలకు’ అని మీ నుదుటనే రాసి ఉంది. సంతోషం. కానీ గుణాత్మక విద్య, క్షేత్రస్థాయి పర్యవేక్షణ, సమన్వయంతో కూడిన లక్ష్యసాధన అంటూ మీరు సాగిపోతుంటే, మా తలల మీదుగా సచివాలయం వైపు చూసి మాట్లాడుతున్నారేమో అనిపించింది. నా పక్కనున్న ఆవిడ చివరి దాకా ఓపికగా విని, ‘ఇంతకీ జూన్‌లో ఇంకో టీచరును వేస్తారా, లేదా?’ అని అడిగింది. చదువుతున్న సారు కాగితం తిరగేసి చూశారు. వెనక వైపు ఖాళీ.

మీకు ప్రారంభోత్సవాలంటే మహా ప్రీతి. 2022లో ‘మన బస్తీ – మన బడి’ వచ్చింది. ఊళ్లూ బస్తీలూ కలిపి రాష్ట్రమంతా 26 వేలకు పైగా బడులు, మూడు దశలు, 7,289 కోట్ల రూపాయలు, మరుగుదొడ్లు మొదలుకొని డిజిటల్ తరగతుల దాకా 12 రకాల పనులు. అదే ఏడాది చిన్న తరగతులకు చదవడం, రాయడం, లెక్కలు పట్టుబడాలని తొలిమెట్టు. తర్వాత పై తరగతులకు అలాంటిదే ఉన్నతి. 2024లో బడి పనులు చూసుకునే అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు. ఒక్కో పథకానికీ జనన ధ్రువపత్రం ఇంత శ్రద్ధగా రాసిచ్చే మీరు, ఇన్నేళ్లలో ఒక్క మరణ ధ్రువపత్రం ఇచ్చిన పాపాన పోలేదు. నిరుటిది బతికి ఉందో లేదో తెలియకుండానే కొత్తదానికి పేరు పెట్టేస్తారు. అబద్ధమెందుకు, మా బడికి మరుగుదొడ్డి కట్టారు. టైల్స్ కూడా వేశారు. నీళ్ల గొట్టం మాత్రం గోడ దాకా వచ్చి ఆగింది. మీ మూడో పేజీలో దాని ఫొటో ఉంది, రంగుల్లో. తలుపుకు వేలాడుతున్న తాళం కూడా స్పష్టంగా పడింది.

అన్నిటికన్నా నాకు నచ్చింది మీ రెండో పేజీలోని వాక్యం: ఉపాధ్యాయుల సంఖ్య విద్యాహక్కు చట్టానికి అనుగుణంగా ఉంది. నూటికి నూరుపాళ్లు నిజం. 2009 నాటి ఆ చట్టం ప్రకారం ప్రాథమిక పాఠశాలలో 60 మంది దాకా పిల్లలకు ఇద్దరు టీచర్లు చాలు. తరగతులు మాత్రం ఐదు. ఐదును రెండుతో భాగిస్తే శేషం ఒకటి అని మా వాడు కూడా చెబుతాడు. మా బడిలో ఆ శేషం పేరు ఐదో తరగతి. ఏ గదిలో చోటుంటే ఆ గదిలో వెనక సర్దుకుంటుంది. ఒకటి, రెండు తరగతులు హెడ్‌మాస్టరు గారివి. ఆయన పిల్లల హాజరు, భోజనాల లెక్క ఫోనులో ఎక్కించాక, సిగ్నల్ దయతలిస్తే, పాఠం చెబుతారు. మూడు, నాలుగు తరగతులకు ఒకే గది. మూడోవాళ్లు తూర్పు గోడ బోర్డు వైపు, నాలుగోవాళ్లు పడమటి గోడ బోర్డు వైపు, వీపుకు వీపు ఆనించి కూర్చుంటారు. మధ్యలో టీచరమ్మ. ఇటు ఎక్కం మొదలుపెట్టించి అటు తిరిగి పద్యం చెబుతారు. పద్యం సగంలో ఉండగా ఇటు ఎక్కం ఆగిపోతుంది. మూడోది చదివే మా వాడికి నాలుగో తరగతి పద్యాలన్నీ కంఠతా వచ్చు. దీన్ని ‘తరగతికి మించిన సామర్థ్యం’ కింద మీరు వేసుకోవచ్చు, నాకేమీ అభ్యంతరం లేదు.

‘బోధనకు ఎలాంటి అంతరాయం కలగలేదు’ అని కూడా సెలవిచ్చారు. 2024 నవంబరులో ఇంటింటి సర్వేకు ప్రాథమిక పాఠశాలల టీచర్లను పంపి, బడిని మధ్యాహ్నం ఒంటిగంటకే వదిలేసిన సంగతి మీ చెవిన పడలేదు కాబోలు. సర్వే అవసరమా కాదా అన్నది వేరే మాట. మా టీచరమ్మ మా గుమ్మంలోనే నిలబడి ఆస్తులు, అప్పులు, ఫ్రిజ్ అన్నీ అడిగి రాసుకున్నారు. మా వాడు తలుపు చాటు నుంచి, ‘టీచర్, భాగహారం ఎప్పుడు చెబుతారు?’ అన్నాడు. ఆ ఫారంలో దానికి గడి లేదు.

పదో తరగతి సంగతి. అప్పటికి 2025 ఫలితాలు ఇంకా రాలేదు గనుక అంతకుముందు ఏడాదివి తలచుకున్నారు. 2024లో రాష్ట్రం 91.31 శాతం, 99.05 శాతంతో నిర్మల్ జిల్లా ప్రథమం. ‘ఆ స్ఫూర్తితో’ మనమూ ముందుకు. జిల్లా శాతంలో ప్రైవేటు బడుల పిల్లలూ ఉంటారు. హైదరాబాదులో వాళ్లే ఎక్కువ. అప్పు చేసి ఫీజు కట్టిన వాళ్ల పిల్లల మార్కులు మీ ఘనతలో కలుస్తాయి. ఆ ఫీజుల గురించి ఎవరైనా అడిగితే మాత్రం అది యాజమాన్యాల ఇష్టం.

జూన్‌లో బడి తెరుస్తారు. అంతకుముందే, పిల్లల్ని సర్కారు బడిలో చేర్చమంటూ, బడిబాట పేరుతో మా టీచర్లు కరపత్రాలు పట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతారు. ‘ఏ తరగతికి ఎవరు చెబుతారు?’ అని తల్లులు వాళ్లనే నిలదీస్తారు, మిమ్మల్ని కాదు. కాబట్టి నా మనవి ఒకటే. వచ్చే ఏడాది కొత్తవి ఏం మొదలుపెట్టారో రాసేముందు, పాతవి ఏ బడిలో ఎక్కడ ఆగాయో ఒక పేజీ రాయండి. మా గొట్టం కూడా అందులో ఉండాలి. చోటు చాలదంటారా, జ్యోతి ప్రజ్వలన ఫొటోలు నాలుగున్నాయి. మూడు తీసేయండి, అన్నిట్లోనూ వెలిగించింది ఆ ఒక్క దీపాన్నే.

ఇట్లు,
తూర్పు గోడ వైపు రెండో వరుస పిల్లవాడి తండ్రి