పాత సినిమా క్యాసెట్లు పారేయమంటున్న సందేశానికి జవాబు

గత మూడు వారాల్లో ఒకే సందేశం నాకు తొమ్మిదిసార్లు వచ్చింది. పంపినవారిలో నాతో చదువుకున్నవారున్నారు, మా బావగారున్నారు, నా దగ్గర డిస్కులు తీసుకెళ్లి చూసి జాగ్రత్తగా తిరిగిచ్చిన మిత్రులూ ఉన్నారు. "ఇంట్లో పాత సినిమా క్యాసెట్లు, సీడీలు ఉన్నాయా? వెంటనే వదిలించుకోండి" అని మొదలై "పదిమందికీ పంపండి" అని ముగిసే ఆ సందేశం ఆరు కారణాలు చెబుతుంది. పాత తెలుగు సినిమాలన్నీ ఇప్పుడు యూట్యూబ్‌లో 4కె నాణ్యతతో, అంటే చాలా ఎక్కువ చుక్కలతో ఏర్పడే స్పష్టమైన బొమ్మతో, ఉచితంగా దొరుకుతున్నాయట. దొరకనివి ఏవైనా ఉంటే ప్రభుత్వ భాండాగారంలో భద్రంగా ఉన్నాయట. డిస్కుల్లో ఉన్నవన్నీ కత్తిరించిన సినిమాలేనట. పదేళ్లు దాటిన క్యాసెట్టు గానీ డిస్కు గానీ పనిచేయదట. కొత్త చట్టం ప్రకారం వాటిని ఇంట్లో ఉంచుకోవడమే నేరమట. చివరిగా, వాటికి పట్టే బూజు వల్ల పిల్లలకు జబ్బులూ ఇంటికి వాస్తుదోషమూ వస్తాయట.

వాస్తుకు నా దగ్గర జవాబు లేదు, ఇవ్వవలసిన అవసరమూ లేదు. బూజు మాత్రం నిజమే. బూజు పట్టిన క్యాసెట్టును విడిగా ఒక సంచిలో కట్టి ఉంచాలి, ఆరుబయట, ముక్కుకు గుడ్డ కట్టుకుని శుభ్రం చేయాలి. ఇంట్లో పుస్తకాలకు చెదలు పడితే చెదలకు మందు కొడతాం గానీ పుస్తకాలన్నీ తగలబెట్టం.

చట్టం సంగతి. డబ్బు పెట్టి కొనుక్కున్న అసలు క్యాసెట్టునో డిస్కునో ఇంట్లో దాచుకోవడం ఏ చట్టం ప్రకారమూ నేరం కాదు. నకళ్లు తీసి అమ్మడం నేరం. మన కాపీరైటు చట్టంలో సినిమాకు ఉన్న రక్షణ, విడుదలైన మరుసటి ఏడాది నుంచి లెక్కపెట్టి 60 ఏళ్లు. 1963లో వచ్చిన నర్తనశాలకు ఆ గడువు 2023 డిసెంబరు 31తో తీరిపోయింది. అయితే సంగీతానికీ సాహిత్యానికీ లెక్క వేరు: అక్కడ రచయిత మరణించిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు లెక్కపెట్టాలి. ఆ చిత్రానికి సంగీతం కూర్చిన సుసర్ల దక్షిణామూర్తిగారు 2012లో కన్నుమూశారు కాబట్టి ఆ బాణీలకు 2072 దాకా రక్షణ ఉంటుంది. బొమ్మ హక్కు ఒకరిది, పాట హక్కు మరొకరిది, రెండింటి గడువులూ వేరు. ఈ చిక్కును గుర్తుపెట్టుకోమని కోరుతున్నాను, ఎందుకంటే "అన్నీ యూట్యూబ్‌లో ఉన్నాయి" అన్న మాట బోల్తాపడేది ఇక్కడే.

ఆ మాట దగ్గరే ఎక్కువసేపు ఆగాలి. మిగతా అబద్ధాలు వింటే మనిషి భయపడి ఊరుకుంటాడు; ఇది వింటే చేతిలో ఉన్నదాన్ని నిశ్చింతగా పారేస్తాడు. అన్నీ ఉన్నాయని చెప్పినవారు ఏ జాబితాతో పోల్చి చూశారు? తొమ్మిది సందేశాల్లో ఒక్కదానిలోనూ ఒక్క సినిమా పేరు లేదు. వెతికితే దొరికేవి మనకు ముందే తెలిసిన సినిమాలు. పేరే మరచిపోయిన సినిమాను ఎవరూ వెతకరు కాబట్టి అది లేదన్న సంగతి కూడా ఎవరికీ తెలియదు.

ఇక ఉన్నవి ఎలా ఉన్నాయో చూద్దాం. 1960ల నాటి ఒక సాంఘిక చిత్రం నా దగ్గర మూడు డిస్కుల వీసీడీగా, అంటే సినిమా ఎక్కించిన సీడీలుగా, ఉంది. ఎర్రగడ్డ ఆదివారం సంతలో, పాత చార్జర్ల కుప్ప కింద, అట్ట లేకుండా దొరికింది. మొన్న ఒక రాత్రి దాన్ని టీవీలోనూ, నెట్‌లో 4కె అని ముద్ర వేసుకున్న అదే సినిమాను పక్కన ల్యాప్‌టాప్‌లోనూ పెట్టి ఒకేసారి నడిపించాను. రెండో డిస్కులో ఒక నాట్య సన్నివేశం ఉంది. నా మసకబారిన డిస్కులో నర్తకి తలమీది పూలచెండు నుంచి కాలి మువ్వల దాకా కనబడుతోంది, పాదం నేలను తాకిన ప్రతిసారీ చీర అంచు కదలడం కూడా తెలుస్తోంది. నెట్‌లోని బొమ్మలో ఆమెకు పాదాలు లేవు. అప్పటి సినిమా బొమ్మ దాదాపు నలుచదరం. ఇప్పటి వెడల్పు టీవీ నిండుగా కనబడాలని పైనా కిందా కోసేస్తే దాదాపు నాలుగో వంతు బొమ్మ పోతుంది. కూచిపూడిలో పాదాలు కోసేసి దానికి 4కె అని పేరు పెట్టడం నాణ్యత కాదు. చుక్కల సంఖ్య పెంచే సాఫ్ట్‌వేర్ లేని వివరాన్ని ఊహించి పూస్తుంది, అందుకే ముఖాలు మైనపు బొమ్మల్లా నున్నగా మారిపోయాయి. కథానాయకుడి బుగ్గమీద కెమెరా చూసిన మచ్చ కూడా లేదు. పైగా రెండు పాటలు మొత్తంగా ఎగిరిపోయాయి. వాటి హక్కు ఇంకెవరిదో అయి ఉంటుందని నా ఊహ. అప్‌లోడ్ చేసినవారు సినిమా ఉంచుకుని పాటలు వదిలేసుకుంటారు, లేదా ఆ మూడు నిమిషాలూ శబ్దం లేకుండా చేస్తారు. మీకు పాట కనబడదు, తీసేసినట్టు ఎక్కడా రాసి ఉండదు, మీరు చూసింది పూర్తి సినిమా అనే అనుకుంటారు. రేపు ఆ చానల్ మూతపడితే ఆ మిగిలిందీ ఉండదు.

బాగా పేరున్న సినిమాకు కూడా ఒక్కటే రూపం ఉందనుకోకూడదు. 2010 జనవరి 30న రంగుల్లో విడుదలైన మాయాబజార్, 1957 నాటి అసలు మాయాబజార్ కన్నా నిడివిలో తక్కువ. రంగులు అద్దినవారి శ్రమను నేను తక్కువ చేయడం లేదు. కానీ ఏది అసలు, ఏది తరవాతది అని పోల్చుకోవడానికి అసలు రూపం ఎక్కడో ఒకచోట మిగిలి ఉండాలి కదా? మాయాబజార్‌కు ఆ భాగ్యం ఉంది. దానితోపాటు వచ్చిన పేరులేని చిత్రాలకు లేదు.

ప్రభుత్వ భాండాగారం గురించి చెప్పేవారికి అక్కడ ఏముందో తెలుసా? పుణెలో జాతీయ చలనచిత్ర భాండాగారం 1964లో ఏర్పడింది. మన తొలి తెలుగు టాకీ భక్త ప్రహ్లాద 1932లో వచ్చింది. మధ్యలో 32 ఏళ్లు ఉన్నాయి, ఆ ముప్పై రెండేళ్లలో పోవలసినవి పోయాయి. భక్త ప్రహ్లాద ప్రింటు ఈరోజు లేదు. అంతకుముందు రఘుపతి వెంకయ్యగారి కుమారుడు ప్రకాశ్ తీసిన మూకీ భీష్మ ప్రతిజ్ఞ లేదు. దేశంలోనే తొలి టాకీ ఆలం ఆరా కూడా లేదు. అప్పటి నైట్రేటు ఫిల్ముకు తేలిగ్గా నిప్పంటుకుంటుంది. నలుపు తెలుపు రీళ్లలో ఉండే వెండి కోసం వాటిని కరిగించి అమ్ముకున్నవారు ఉన్నారు. 2003లో పుణెలోనే జరిగిన అగ్నిప్రమాదంలో నైట్రేటు రీళ్లు భారీగా కాలిపోయాయి. ఇంకో సంగతి ఉంది. 1954 నాటి చట్టం ప్రకారం మన దేశంలో అచ్చయిన ప్రతి పుస్తకానికీ ప్రతులు నిర్ణీత గ్రంథాలయాలకు పంపాలి, చెన్నై కన్నెమరా గ్రంథాలయం వాటిలో ఒకటి. విడుదలైన ప్రతి సినిమాకూ అలా ఒక ప్రతి భాండాగారానికి ఇచ్చి తీరాలన్న చట్టం లేదు. నిర్మాత సంస్థ మూతపడి, నెగటివు ల్యాబులో పులిసిన వాసనతో ముడుచుకుపోయి, హాళ్లలో తిరిగిన ప్రింట్లు అరిగిపోయాక, ఏ వీడియో కంపెనీయో ఒకనాడు టేపు మీదికి ఎక్కించిన రూపం ఒక్కటే మిగిలిన సినిమాలు ఉంటాయి. అలాంటి సినిమాకు వీసీడీలోని 352 × 288 చుక్కల బొమ్మే దిక్కు.

కత్తిరింపుల ఆరోపణలో సగం లెక్కల పొరపాటు. సినిమా సెకనుకు 24 బొమ్మలతో నడుస్తుంది, మన దేశపు వీడియో పద్ధతి 25తో నడుస్తుంది. అందువల్ల హాల్లో మూడు గంటలు ఆడిన సినిమా వీడియోలో ఒక్క బొమ్మ కూడా కత్తిరించకుండానే 172 నిమిషాల 48 సెకన్లకే అయిపోతుంది. మిగతా సగం ఆరోపణ నిజం, ఒప్పుకుంటాను. ఒక వీసీడీలో 74 నుంచి 80 నిమిషాలే పడుతుంది కాబట్టి మూడో డిస్కు ఖర్చు మిగుల్చుకోవడానికి సినిమాను రెండింటిలోకి కుదించిన కంపెనీలు ఉన్నాయి. 1974లో అల్లూరి సీతారామరాజుతో మొదలైన తెలుగు సినిమాస్కోపు (బాగా వెడల్పాటి బొమ్మ ఉండే) చిత్రాలను క్యాసెట్ల మీద పాత టీవీ కొలతకు పక్కలు కోసి ఇచ్చారు. అక్కడ పోయిన బొమ్మ నాలుగో వంతు కన్నా చాలా ఎక్కువ. కాబట్టి డిస్కులో ఉన్నది ఎప్పుడూ గొప్పదని నేను అనను. ఏ రూపంలో ఏది పోయిందో తెలియాలంటే అన్ని రూపాలూ ఉండాలని మాత్రమే అంటాను.

పదేళ్లకు పాడైపోతాయన్నది మాత్రం వాటి ఆయువు ఏమిటో తెలియనివారి మాట. నా దగ్గర ముప్పై ఏళ్లు దాటిన క్యాసెట్లు ఆడుతున్నాయి. వాటికన్నా ముందు పోతున్నవి వాటిని ఆడించే యంత్రాలైన వీసీఆర్‌లు: చివరిదాకా వాటిని తయారు చేసిన జపాన్ కంపెనీ ఫునాయ్ 2016లో ఆపేసింది, ఇప్పుడు టేపును చదివే హెడ్ అరిగితే మరో పాత వీసీఆర్‌ను విప్పి తీసి వేయవలసిందే. వీసీడీ విషయంలో చాలామంది మెరిసే వైపు గీతలు పడకుండా కాపాడి, బొమ్మ అచ్చేసిన వైపు పెన్నుతో పేరు రాస్తారు, స్టిక్కరు అంటిస్తారు. సమాచారం ఉన్న అల్యూమినియం పొర ఆ బొమ్మ కిందే, పల్చని లక్క పూత చాటున ఉంటుంది. మెరిసే వైపు గీతను రుద్ది సరిచేయవచ్చు. బొమ్మ వైపు పొర లేచిపోతే పోయినట్టే. డిస్కును ట్యూబులైటుకు ఎదురుగా పట్టుకుంటే సూదిమొనంత వెలుగు చుక్కలు కనబడతాయి, అవే ఆ పొరలో పడిన చిల్లులు. చిల్లులు రాకముందే కంప్యూటరులో పెట్టి, ఎంపీఈజీఏవీ (MPEGAV) అన్న ఫోల్డరులో .DAT అని ముగిసే సినిమా ఫైలును దించి పెట్టుకోవాలి. ఇంత చిన్న పని చెప్పడానికి బదులు పారేయమని చెప్పడమేమిటి?

నా కోపానికి అసలు కారణం ఇప్పుడు చెబుతాను. నాతో చదువుకున్న ఒకరి తండ్రిగారు సికింద్రాబాద్ వారాసిగూడలో బడిపంతులుగా పనిచేసి రిటైరయ్యారు. 1980ల చివరి నుంచి హైదరాబాద్ దూరదర్శన్‌లో వచ్చే తెలుగు సినిమాలను ఖాళీ క్యాసెట్ల మీద రికార్డు చేసుకునేవారు. ప్రతి క్యాసెట్టు మీద నీలం సిరాతో తేదీ, సినిమా పేరు, దర్శకుడి పేరు. ఒకదాని మీద "చివరి పది నిమిషాలు కరెంటు లేదు" అని కూడా రాసుకున్నారు. ఆయన పోయాక అవి రెండు గోనెసంచుల్లో అటక మీద ఉన్నాయి. ఈ సందేశం చూసిన కుటుంబం వాటిని పాత సామాన్ల బండికి ఇచ్చేసింది. నాకు తెలిసి పరుగెత్తేసరికి నాలుగు రోజులైంది. కొట్టులో ప్లాస్టిక్కు కోసం క్యాసెట్లు పగలగొట్టి, లోపలి టేపును చిక్కుపడ్డ జుట్టులా ఒక మూలకు తోశారు. ఏడు మాత్రం పగలకుండా దొరికాయి. మిగతావాటిలో ఏమున్నాయో ఆ చేతిరాతకే తెలుసు, ఆ కాగితం ముక్కలూ చిత్తులో కలిసిపోయాయి. ఆ కుటుంబాన్ని నేను ఒక్క మాట అనలేదు. వారికి తెలిసినవారు, నమ్మినవారు పంపిన సలహా అది. పంపేముందు ఒక్కరైనా ఒక్క సినిమా పేరు వెతికి చూసి ఉంటే బాగుండేది.

సందేశంలో ఎక్కడో ఒక వాక్యం ఉంది, దాన్ని లెక్కలోకి తీసుకోకుండా దాటిపోవాలనుకున్నాను కానీ మనసొప్పలేదు: "దాచుకునేవాళ్లు ఎవరికీ చూపించరు, అవి ఉన్నా లేనట్టే." ఇది నిజం. మేం అరుదైనది దొరికితే పేరు బయటికి చెప్పం, చెబితే ఎవరో అడుగుతారని భయం, ఇస్తే తిరిగిరాదని భయం. నా అల్మరాలో ఉన్నదానికి నేను తప్ప సాక్షి లేకపోతే, నా తరవాత అదీ గోనెసంచిలోకే వెళుతుంది. పంతులుగారు కనీసం పేర్లు రాసిపెట్టారు, నేను అదీ చేయలేదు.

అందుకే ఈ పది రోజులు కూర్చుని నా దగ్గరున్న 312 సినిమాల జాబితా టైపు చేశాను. పేరు, సంవత్సరం, ఏ కంపెనీ డిస్కు, ఎన్ని నిమిషాలు, ఏ పాట లేదు, ఎక్కడ ఆగిపోతుంది, అన్నీ అందులో ఉన్నాయి. ఆ సందేశం వచ్చిన ప్రతి గ్రూపులోనూ దాని కిందే ఈ జాబితా పెట్టాను. వాటిలో ఏదైనా చూడాలనుకున్నవారు ఆదివారం సాయంత్రం మా ఇంటికి రావచ్చు, వీసీఆర్ ఇంకా పనిచేస్తోంది.